ఫోన్‌లో జావా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా గుంటూరు, విజయవాడ, తెనాలి నుంచే వచ్చాయి. కిరాణా బిల్లు దగ్గర్నుంచి మిర్చి కాటా దాకా రకరకాలుగా అడిగారు. అన్నీ చూశాక ఒక మాట ముందే చెప్పాలనిపిస్తోంది. వీటిలో జావా రాకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఒకటో రెండో. మిగతావన్నీ ఆ ఫోన్‌లో ఏ ఏపీఐ (యాప్‌లు వాడుకోవడానికి ఫోన్ సిస్టమ్ ఇచ్చే సిద్ధమైన క్లాసులు, పిలుపులు) ఉంది, దాన్ని ఏ షరతు మీద వాడనిస్తుంది అన్నది చూసుకోకపోవడం వల్ల వచ్చినవే.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో స్వింగ్‌తో (కంప్యూటర్ తెరలు గీసే జావా లైబ్రరీ) చేసిన క్యాలిక్యులేటర్‌ని ఆండ్రాయిడ్ స్టూడియోలో పేస్ట్ చేస్తే జేఫ్రేమ్ దగ్గర్నుంచీ అంతా ఎరుపే. జావా ఎక్కడైనా నడుస్తుందని కదా చెప్పారు? ఇంతకీ ఇప్పుడు జావా నేర్చుకోవాలా, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే మరో భాష కోట్లిన్‌కి నేరుగా వెళ్లాలా? – విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భాష ఎక్కడైనా ఒకటేనమ్మా, దాని వెనక ఉండే లైబ్రరీలు ఒకటి కావు. మీరు రాసిన జావా ముందు మామూలు క్లాస్ ఫైలుగానే మారుతుంది. దాన్ని డీ8 అనే పనిముట్టు డెక్స్ ఫైలుగా మారుస్తుంది. ఫోన్‌లో ఆ డెక్స్‌ని నడిపేది ఆర్ట్ అనే రన్‌టైమ్. ఆండ్రాయిడ్ 5.0 నుంచి అదే ఉంది, అంతకుముందు డాల్విక్ ఉండేది. జావా డాట్ యుటిల్, ఐఓ, నెట్, కాంకరెంట్ ప్యాకేజీలు ఫోన్‌లోనూ ఉన్నాయి. ఏడబ్ల్యూటీ, స్వింగ్ లేవు. తెరకు సంబంధించిందంతా ఆండ్రాయిడ్ సొంత ప్యాకేజీల్లో ఉంటుంది: జేఫ్రేమ్ చోట యాక్టివిటీ, జేబటన్ చోట బటన్, లేఅవుట్ మేనేజర్ల చోట ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్ ఫైలు. మెయిన్ మెథడ్ కూడా మీరు రాయరు. యాక్టివిటీని సిస్టమ్ పుట్టిస్తుంది, దానికి అవసరమనిపించినప్పుడు చంపేస్తుంది. మీ చేతిలో ఉండేది ఆన్‌క్రియేట్, ఆన్‌పాజ్ లాంటి పిలుపులకు బదులివ్వడమే. క్యాలిక్యులేటర్‌లో లెక్క చేసే క్లాసును తెర క్లాసు నుంచి విడదీసి ఉంటే ఆ ముక్క ఒక్క అక్షరం మార్చకుండా పనికొస్తుంది.

ఇక కోట్లిన్ సంగతి. 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషగా ప్రకటించింది, 2019 నుంచి తొలి ప్రాధాన్యం దానికే. తెరలు కట్టడానికి 2021లో వచ్చిన కంపోజ్‌ని జావాలో రాయడం కుదరదు. కానీ ఎక్స్‌ఎంఎల్ తెరలు, రూమ్ (డేటాబేస్), వర్క్‌మేనేజర్ (వెనకాల నడిచే పనులు), కెమెరాఎక్స్ (కెమెరా) జావాలోనూ బాగానే పనిచేస్తాయి. కంపెనీల్లో ఏళ్ల తరబడి పేరుకున్న జావా కోడు చాలానే ఉంది, దాన్ని చదవగలిగినవాళ్లు కావాలి. మా సలహా అడిగితే: జావాలో ఒక యాప్ మొదటినుంచి చివరిదాకా పూర్తి చేయండి, రెండోది కోట్లిన్‌లో రాయండి. రెండు భాషల్లో రెండు సగం యాప్‌లు మాత్రం వద్దు.

ప్రశ్న: జావాతో యాప్ చేసి అమ్మితే జావా సొంతదారు ఒరాకిల్‌కి ఏమైనా కట్టాలా? – పటమట, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. మీరు విన్న గొడవ గూగుల్, ఒరాకిల్ మధ్యది. 37 జావా ప్యాకేజీల డిక్లరేషన్లు, సుమారు 11,500 లైన్లు, గూగుల్ వాడుకుందని ఒరాకిల్ 2010లో కేసు వేసింది. 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6–2తో అది న్యాయమైన వాడుకేనని తేల్చింది. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఫోన్‌లోని జావా లైబ్రరీలు ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్ సోర్సు రూపం) ఆధారంగా తయారైనవే.

ప్రశ్న: మా షాపు బిల్లింగ్ యాప్‌లో తేదీకి జావాలోని లోకల్‌డేట్ క్లాసు వాడాను. నా ఫోన్‌లో బంగారంలా ఉంది. గుమాస్తా చేతిలో ఉన్న పాత ఆండ్రాయిడ్ 7 ఫోన్‌లో తెరవగానే మూసుకుపోతోంది. కంపైల్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. – వన్‌టౌన్, విజయవాడ

జవాబు: స్టూడియోలో లాగ్‌క్యాట్ (ఫోన్ రాసే లాగ్) తెరిచి చూడండి, నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ అని ఉంటుంది. జావా డాట్ టైమ్ ప్యాకేజీ ఫోన్‌లోకి వచ్చింది ఏపీఐ 26లో, అంటే ఆండ్రాయిడ్ 8.0లో. మీ గుమాస్తా ఫోన్ 24 లేదా 25. ఆ క్లాసు ఆ ఫోన్‌లో అసలు లేదు.

గ్రేడిల్ ఫైలులో (యాప్‌ను ఎలా కట్టాలో చెప్పే ఫైలు) మూడు అంకెలు ఉంటాయి, ఆ మూడింటి పని మూడు రకాలు. కంపైల్‌ఎస్‌డీకే అంటే మీరు కోడు రాసేటప్పుడు ఏ వెర్షన్ ఏపీఐల జాబితా చూసి రాస్తున్నారో అది. ఫోన్‌కి దానితో పని లేదు. మిన్‌ఎస్‌డీకే అంటే అంతకంటే పాత ఫోన్‌లో యాప్‌ను ఎక్కనివ్వరు. టార్గెట్‌ఎస్‌డీకే అంటే ‘ఈ వెర్షన్ నియమాలు నాకు తెలుసు, నా మీద అమలు చేయండి’ అని యాప్ ఇచ్చే హామీ. మీరు 34 జాబితా చూసి రాసి, 24 ఫోన్‌లోకీ రానిచ్చారు. మధ్యలో వచ్చిన క్లాసుల పూచీ మీదే అవుతుంది. స్టూడియోలో తప్పులు పట్టే లింట్ పసుపు గీతో ఎర్ర గీతో గీసే ఉంటుంది, దాన్ని సప్రెస్ చేసి దాటేసి ఉంటారు.

బాగుచేయడం తేలికే. గ్రేడిల్‌లోని కంపైల్‌ఆప్షన్స్ కింద కోర్ లైబ్రరీ డీషుగరింగ్‌ని ట్రూ చేయండి. డిపెండెన్సీల్లో డీషుగర్ జేడీకే లిబ్స్ లైను చేర్చండి. దాన్ని ఇంప్లిమెంటేషన్ అని కాకుండా కోర్‌లైబ్రరీడీషుగరింగ్ అనే మాటతో మొదలుపెట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడి ‘చేర్చాను, అయినా పోవడం లేదు’ అంటారు. ఆ తర్వాత లోకల్‌డేట్ క్లాసులు మీ యాప్‌లోనే సర్దుకుని వస్తాయి, కోడు మార్చక్కర్లేదు.

ఇదే కోవలో ఇంకో గుంట ఉంది. కంపైల్‌ఎస్‌డీకేని 35కి పెంచారనుకోండి. అరేలిస్ట్ మీద రిమూవ్‌ఫస్ట్, రిమూవ్‌లాస్ట్ రాస్తే కంపైలర్ సంతోషంగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే జావా 21 వాటిని లిస్ట్‌లో చేర్చింది. ఆండ్రాయిడ్ 14, అంతకంటే పాత ఫోన్లలో మాత్రం నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో కూలుతుంది. మొదటిదానికి రిమూవ్‌కి సున్నా, చివరిదానికి సైజులోంచి ఒకటి తీసేసి ఇచ్చి పాత పద్ధతిలో తీసేయండి, గొడవ ఉండదు.

ప్రశ్న: 58 మిల్లీమీటర్ల బ్లూటూత్ ప్రింటర్ కొన్నాను. ఇంగ్లీషు బిల్లు చక్కగా వస్తోంది. కందిపప్పు, మినపగుళ్లు అని తెలుగులో పంపితే పిచ్చి గుర్తులు, లేకపోతే వరసగా ప్రశ్నార్థకాలు. ప్రింటర్ మార్చాలా? – కిరాణా వ్యాపారి, గొల్లపూడి

జవాబు: ప్రింటర్ మార్చకండి, పంపే తీరు మార్చండి. ఆ చిన్న ప్రింటర్ లోపల ఇంగ్లీషు అక్షరాలు, ఇంకొన్ని విదేశీ కోడ్‌పేజీలు ఉంటాయి. తెలుగు ఫాంటు ఉండదు. మీరు గెట్‌బైట్స్ అన్నప్పుడు యూటీఎఫ్–8లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు వెళ్తాయి. ప్రింటర్ వాటిని మూడు వేరు గుర్తులుగా చదువుకుంటుంది. ఆస్కీలోకి మార్చి పంపితే జావాయే ప్రతి తెలుగు అక్షరాన్నీ ప్రశ్నార్థకం చేసి ఇస్తుంది. ఫాంటు ఒక్కటీ ఉన్నా చాలదు. ‘గుళ్లు’లో వత్తును కిందికి దింపి, కొమ్మును పక్కన పెట్టే పని ఫోన్‌లోని టెక్స్ట్ ఇంజిన్ చేస్తుంది, ప్రింటర్ చేయలేదు. అందుకని బిల్లును ఫోన్‌లోనే బొమ్మగా గీసి, చుక్కలుగా పంపాలి.

లెక్క ఇలా ఉంటుంది. కాగితం 58 మిల్లీమీటర్లయినా అచ్చుపడే వెడల్పు 48. మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే అడ్డంగా 384 చుక్కలు. చుక్కకు ఒక బిట్ చొప్పున ఒక వరసకు 48 బైట్లు. 384 పిక్సెళ్ల వెడల్పుతో ఒక బిట్‌మ్యాప్ చేసి, మొట్టమొదట దాన్ని డ్రాకలర్‌తో తెలుపు చేయండి. ఇది మరిస్తే ఏమవుతుందో చెప్తాం: కొత్త బిట్‌మ్యాప్ పారదర్శకంగా ఉంటుంది, దాని ఎరుపు, పచ్చ, నీలం విలువలన్నీ సున్నా. మీ కోడు దాన్ని నలుపు అనుకుంటుంది. కాగితం నిండా నల్లటి పట్టీ వచ్చి, ప్రింటర్ బ్యాటరీ పడిపోయి మధ్యలో ఆగుతుంది.

సరుకు పేర్లకు స్టాటిక్‌లేఅవుట్ వాడండి. దాని బిల్డర్ ఏపీఐ 23 నుంచి ఉంది. పేరు పొడవైతే అదే రెండో లైనుకు దించుతుంది, ఎత్తు ఎంతయిందో కూడా చెప్తుంది. అక్షరం సైజును ఎస్‌పీలో కాకుండా నేరుగా పిక్సెళ్లలో ఇవ్వండి, 26 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ఎస్‌పీలో ఇస్తే ఫోన్ ఫోన్‌కీ బిల్లు సైజు మారిపోతుంది. యాంటీ ఎలియాస్ ఆపేయండి, బూడిద రంగు అంచులు థర్మల్ కాగితం మీద అక్షరాన్ని నలిపేస్తాయి. పేరుకు ఎడమవైపు 230 పిక్సెళ్లు ఇచ్చి, ధరను పెయింట్ అలైన్ కుడికి పెట్టి 384 దగ్గర గీయండి. ఖాళీలు కొట్టి నిలువు వరస కుదర్చాలని చూడకండి. ఇంగ్లీషు బిల్లులో అది నడిచింది అక్షరాలన్నీ ఒకే వెడల్పు కాబట్టి. తెలుగులో ‘ర’ వెడల్పు వేరు, ‘ఘ’ వెడల్పు వేరు.

గీశాక గెట్‌పిక్సెల్స్‌తో చుక్కలు తీసుకుని, వెలుతురు 128 కంటే తక్కువుంటే 1, లేకపోతే 0 అనుకోండి. ఎనిమిది చుక్కలకు ఒక బైటు, ఎడమ చివరి చుక్కకు 128 విలువ. ప్రింటర్‌కు ఆదేశ బైట్లు పంపే వరస: ముందు 27, 64, ఇది ప్రింటర్‌ను మొదటి స్థితికి తెస్తుంది. తర్వాత 29, 118, 48, 0, ఇది బొమ్మ వస్తోందని చెప్పే ఆదేశం. ఆపైన వెడల్పు 48, 0. ఆపైన ఎత్తు, ముందు 256తో భాగిస్తే వచ్చే శేషం, తర్వాత భాగఫలం. ఆ వెనక బొమ్మ బైట్లు. చివర్లో 10ని మూడు నాలుగుసార్లు పంపితే కాగితం చింపే చోటికి జరుగుతుంది.

ఇంగ్లీషులో పది లైన్ల బిల్లు, లైనుకు 32 అక్షరాలు వేసుకున్నా 320 బైట్లు. అదే బొమ్మగా 340 వరసలైతే 16,320 బైట్లు. చవక ప్రింటర్ బఫర్ ఇంత ఒక్కసారి మింగలేదు, సగంలోంచి చెత్త అచ్చవుతుంది. 100 వరసలకొకసారి ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ 29తో మొదలయ్యే ఆ తలకట్టు మళ్లీ పెట్టి, మధ్యలో కాసేపు ఆగుతూ పంపండి. ఎంత ఆగాలన్నది మీ ప్రింటరే చెప్పాలి. 50 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, చెత్త వస్తే పెంచండి. బిల్లు చివరి రెండు లైన్లు రావడం లేదంటే కారణం ఇంకొకటి: ఫ్లష్ చేసిన వెంటనే సాకెట్ మూసేస్తున్నారు. అర సెకను ఆగి మూయండి.

కనెక్షన్ విషయంలో ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ కనెక్ట్ అనే అనుమతిని నడుస్తుండగా అడగాలి. తెర మీద అది ‘దగ్గరలోని పరికరాలు’ అన్న పేరుతో వస్తుంది. పాత బ్లూటూత్ అనుమతులను మ్యానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైలు) మ్యాక్స్‌ఎస్‌డీకే 30తో ఉంచండి. ప్రింటర్‌ను ముందు ఫోన్ సెట్టింగుల్లో జత చేసుకోండి (పిన్ సాధారణంగా 0000 లేదా 1234), యాప్‌లో బాండెడ్ జాబితా నుంచి ఎంచుకోండి. ఇలా చేస్తే వెతికే పనీ, దానికి కావలసిన స్కాన్ అనుమతీ రెండూ తప్పుతాయి. సాకెట్ తెరవడానికి 00001101తో మొదలయ్యే సీరియల్ పోర్ట్ యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) వాడాలి. కనెక్ట్ పిలుపు కొన్ని సెకన్లు తీసుకుంటుంది కాబట్టి దాన్ని మెయిన్ థ్రెడ్ (తెర పనులు చూసే థ్రెడ్) మీద పెట్టకండి.

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకు కాటా యాప్ రాశాను. టిక్కీ (మిర్చి బస్తా) తూకం కొట్టగానే సర్వర్‌కి పంపుతుంది. రద్దీ సమయంలో సిగ్నల్ ఉండదు, యాప్ బిగుసుకుపోతుంది. ఫోన్ అడ్డం తిప్పితే అప్పటిదాకా కొట్టిన తూకాలన్నీ మాయం. అన్నిటికీ మించి ఒక టిక్కీకి 42 రూపాయల 4 పైసలని తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) వచ్చింది! – గుంటూరు

జవాబు: చివరిదే ముందు చూద్దాం, రైతు ముందు పరువు తీసేది అదే. మీరు తూకాన్ని గ్రాముల్లో, ధరను పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకున్నారు. పద్ధతి సరైనదే, డబుల్‌లో పెట్టుకుంటే పైసల దగ్గర తేడాలు వచ్చేవి. కానీ ఇంట్ వాడారు. 43 కిలోల 250 గ్రాముల టిక్కీ, క్వింటాలు 14,000 రూపాయలు అనుకుందాం. 43,250ని 14,00,000 పైసలతో గుణిస్తే 60,55,00,00,000. ఇంట్‌లో పట్టే అతి పెద్ద అంకె 2,14,74,83,647. పైన పొంగినదంతా జావా నోరెత్తకుండా పారబోస్తుంది, 42,04,57,856 మిగులుతుంది. క్వింటాలుకు గ్రాములు 1,00,000 కాబట్టి దానితో భాగిస్తే 4,204 పైసలు. అవే మీ 42 రూపాయల 4 పైసలు, రావలసింది 6,055 రూపాయలు. గుణించే ముందే ఒకదాన్ని లాంగ్ చేయండి. ఫలితాన్ని లాంగ్‌లో వేసుకుంటే చాలదు, గుణకారం అప్పటికే ఇంట్‌లో జరిగిపోయి ఉంటుంది. మ్యాథ్ డాట్ మల్టిప్లైఎగ్జాక్ట్ వాడితే పొంగినప్పుడు ఎక్సెప్షన్ వేస్తుంది, తప్పు లెక్క ఇవ్వదు. డబ్బు లెక్కలున్న యాప్‌లో ఇది అలవాటు చేసుకోవడం మంచిది.

మాయమైన తూకాలు: ఫోన్ తిప్పితే సిస్టమ్ యాక్టివిటీని చంపి కొత్తది పుట్టిస్తుంది. అందులో పెట్టుకున్న అరేలిస్ట్ దానితోపాటే పోతుంది. వ్యూమోడల్‌లో (తెర డేటాను విడిగా ఉంచే క్లాసు) పెడితే తిప్పడాన్ని తట్టుకుంటుంది. కానీ మధ్యలో కాల్ వచ్చి, వాట్సాప్ ఫొటోలు చూసి, మెమరీ చాలక సిస్టమ్ మీ ప్రాసెస్‌నే చంపేస్తే వ్యూమోడల్ కూడా పోతుంది. తెరను నిలువుకే బిగించేయడం మందు కాదు, రోగాన్ని దాచడం. కాటా యాప్‌లో ఒకటే పద్ధతి: తూకం కొట్టిన మరుక్షణం రూమ్ డేటాబేస్‌లో వరస రాయాలి, తెర మీద కనిపించేది డేటాబేస్ నుంచి లైవ్‌డేటాగా (డేటా మారగానే తెరకు తెలిపే క్లాసు) రావాలి.

బిగుసుకుపోవడం: నేరుగా మెయిన్ థ్రెడ్ మీద నెట్‌వర్క్ పిలిస్తే నెట్‌వర్క్‌ఆన్‌మెయిన్‌థ్రెడ్‌ఎక్సెప్షన్‌తో యాప్ కూలాలి. కూలకుండా బిగుసుకుపోతోందంటే స్ట్రిక్ట్‌మోడ్ అనే కాపలాను పర్మిట్‌ఆల్ చేసి ఆపేసే రెండు లైన్లు ఎక్కడినుంచో తెచ్చి అతికించారని అర్థం. వాటిని తీసేయండి. వేలు తాకిడికి 5 సెకన్ల లోపు మెయిన్ థ్రెడ్ స్పందించకపోతే ‘యాప్ స్పందించడం లేదు’ పెట్టె వస్తుంది. ఎసింక్‌టాస్క్ వాడమని చెప్పే పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి, అది ఏపీఐ 30లోనే డెప్రికేట్ అయింది. డేటాబేస్ పనికి ఒక సింగిల్ థ్రెడ్ ఎగ్జిక్యూటర్ చాలు. ఫలితం తెరకు చేర్చడానికి లైవ్‌డేటా పోస్ట్‌వాల్యూ.

సర్వర్‌కి పంపడం వర్క్‌మేనేజర్‌కి అప్పగించండి. నెట్‌వర్క్ ఉన్నప్పుడే అనే షరతు పెట్టి, ఎన్‌క్యూయూనిక్‌వర్క్‌తో ఒకే పేరు మీద క్యూలో వేస్తే సిగ్నల్ రాగానే అదే మొదలవుతుంది, విఫలమైనప్పుడు మీ వర్కర్ రిట్రై అని తిరిగిస్తే 30 సెకన్లతో మొదలుపెట్టి విరామం పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది. పీరియాడిక్ వర్క్ పెట్టి నిమిషానికోసారి పంపాలనుకోకండి, 15 నిమిషాల కంటే తక్కువ ఒప్పుకోదు. మీరు 1 అని రాసినా 15గానే తీసుకుంటుంది. ఇంకొక్క జాగ్రత్త: సర్వర్ తూకం అందుకుని, జవాబు ఫోన్‌కి చేరేలోపు సిగ్నల్ పోతే, వర్క్ మళ్లీ పంపుతుంది. ఒకే టిక్కీ రెండుసార్లు లెక్కలో పడుతుంది. దానికి విరుగుడు ఏమిటంటే ప్రతి తూకానికీ ఫోన్‌లోనే రాండమ్ యూయూఐడీ పుట్టించి, వరసతోపాటు దాచి, దాన్నే పంపాలి. సర్వర్‌లో ఆ గడికి యూనిక్ ఇండెక్స్ పెడితే రెండోసారి వచ్చింది తిరస్కారమవుతుంది.

ప్రశ్న: అదే తూకం వివరాన్ని యాప్ నుంచే రైతుకు తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపవచ్చా? పెద్దదైతే అసలు వెళ్లడం లేదు. – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తెలుగు సందేశం యూనికోడ్‌లో పోతుంది కాబట్టి ఒక ఎస్‌ఎంఎస్‌కి 70 గుర్తులే. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడి గుర్తులుగా లెక్కకొస్తాయి: ‘క్ష’ ఒక్కటే మూడు తింటుంది. 70 దాటితే ముక్కకు 67. ఎస్‌ఎంఎస్‌మేనేజర్ డివైడ్‌మెసేజ్‌తో ముక్కలు చేసి సెండ్‌మల్టీపార్ట్‌తో పంపాలి, మామూలు సెండ్‌టెక్స్ట్ అంత పొడవుకు పనికిరాదు.

అయితే ప్లే స్టోర్‌లో పెట్టే యాప్‌కు సెండ్ ఎస్‌ఎంఎస్ అనుమతి దొరకడం చాలా కష్టం. ప్రధానంగా ఫోన్‌లో డిఫాల్ట్ మెసేజ్ యాప్‌గా ఉండేవాటికే ఇస్తారు. ఎస్‌ఎంఎస్‌టూ అనే యూఆర్‌ఐతో సెండ్‌టూ ఇంటెంట్ పంపితే ఫోన్ మెసేజ్ యాప్ నంబరు, మాటర్ నింపుకుని తెరుచుకుంటుంది. గుమాస్తా ఒక్కసారి నొక్కాలి, అనుమతి మాత్రం ఏదీ అక్కర్లేదు.

ప్రశ్న: కస్టమర్ల పేర్లలో వెతికితే కళ్ల ముందు ఉన్న పేరు కూడా దొరకడం లేదు. – మంగళగిరి

జవాబు: ఒకరు కీబోర్డులో పొల్లు తర్వాత కనిపించని జాయినర్ గుర్తు పడేలా కొట్టారు, ఇంకొకరు అది లేకుండా కొట్టారు. కంటికి రెండూ ఒకటే, ఫోన్ డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో వెతికే లైక్‌కి వేరు. వెతకడానికి ప్రత్యేకంగా ఒక గడి పెట్టుకుని, అందులో 200సి, 200డి కోడ్‌పాయింట్లు రెండూ తీసేసి, చివరి ఖాళీలు ట్రిమ్ చేసి దాచండి. వెతికే మాటకూ అదే చేయండి. బిల్లు మీదకి మాత్రం అసలు గడినే పంపండి, జాయినర్ తీసేస్తే కొన్ని పేర్లు అచ్చులో రూపం మారతాయి. పేర్లను అక్షరక్రమంలో పెట్టడానికి మామూలు సార్ట్ వద్దు, తెలుగు లొకేల్‌తో కొలేటర్ తీసుకోండి.

ప్రశ్న: అమ్మకు మాత్రలు గుర్తుచేసే యాప్ రాశాను. పొద్దున 8 గంటలకు, రాత్రి 9 గంటలకు మోగాలి. రాత్రిది మోగుతోంది, పొద్దుటిది ఎప్పుడూ మోగదు. కొత్త ఫోన్‌లో వేస్తే రెండూ మోగవు. – ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: రెండు వేర్వేరు జబ్బులు ఇవి. పొద్దుటిది మోగకపోవడానికి పెండింగ్‌ఇంటెంట్ (అలారం వేళకు ఏం చేయాలో సిస్టమ్‌కు ఇచ్చే చీటీ) కారణం. రెండు అలారాలకూ రిక్వెస్ట్‌కోడ్ 0 ఇచ్చి ఉంటారు. లోపల పెట్టిన ఎక్స్‌ట్రాలు (మాత్ర పేరు, మోతాదు) వేరైనా సిస్టమ్ వాటిని చూడదు, రెండూ ఒకటేననుకుని మొదటిదాని మీద రెండోది రాసేస్తుంది. మాత్రకు డేటాబేస్‌లో ఉన్న ఐడీనే రిక్వెస్ట్‌కోడ్‌గా ఇవ్వండి. టార్గెట్ 31 లేదా ఆపైన ఉంటే ఇమ్యూటబుల్, మ్యూటబుల్ జెండాల్లో ఏదో ఒకటి తప్పనిసరి, ఇక్కడ ఇమ్యూటబుల్ చాలు.

కొత్త ఫోన్ విషయం: ఆండ్రాయిడ్ 14లో కొత్తగా ఎక్కించిన యాప్‌కు (టార్గెట్ 33 లేదా ఆపైన) ఖచ్చిత సమయపు అలారం అనుమతి మొదట ఆఫ్‌లో ఉంటుంది. సెట్‌ఎగ్జాక్ట్ పిలిచే ముందు క్యాన్‌షెడ్యూల్‌ఎగ్జాక్ట్‌అలార్మ్స్ అడిగి, కాదంటే ఆ సెట్టింగ్ పేజీకి పంపాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కీ అనుమతి అడగాలి. అలారం సరిగ్గానే మోగి నోటిఫికేషన్ మాత్రమే కనిపించకపోవడం కూడా మామూలే, కాబట్టి రిసీవర్‌లో ఒక లాగ్ లైను పెట్టి ఏది విఫలమైందో ముందు తేల్చుకోండి. ఫోన్ పక్కన పడేసి ఉంటే బ్యాటరీ ఆదా చేసే డోజ్ మోడ్‌లోకి పోతుంది, అందుకే సెట్‌ఎగ్జాక్ట్‌అండ్‌అలౌవైల్‌ఐడిల్ వాడాలి. ఫోన్ ఆపి వేస్తే అలారాలన్నీ చెరిగిపోతాయి, బూట్ కంప్లీటెడ్ రిసీవర్‌లో మళ్లీ పెట్టుకోవాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో యాప్‌ను ఇటీవలి జాబితా నుంచి తోసేస్తే ఫోర్స్ స్టాప్‌లా ఆపేస్తాయి. దానికి కోడులో మందు లేదు, బ్యాటరీ సెట్టింగుల్లో మినహాయింపు ఇవ్వడమే.

ప్రశ్న: స్టూడియోలో నడిపితే అంతా బాగుంది. ప్లే స్టోర్‌కని రిలీజ్ బిల్డ్ చేస్తే సర్వర్ నుంచి వచ్చిన ధరలన్నీ ఖాళీ. పైగా ‘మొత్తం’ అన్న బటన్ ఫోన్ కింది పట్టీ వెనక్కి పోయింది. – భవానీపురం, విజయవాడ

జవాబు: రిలీజ్‌లో ఆర్8 (యాప్ సైజు తగ్గించే పనిముట్టు) మీ ఫీల్డుల పేర్లు కుదించి ఏ, బీ, సీ చేసింది. సర్వర్ డేటాను క్లాసుల్లో నింపే జీసన్ లైబ్రరీ ఆ పేర్లతోనే జేసన్‌లో వెతుకుతుంది, దొరక్క నల్ వదిలేస్తుంది, ఎర్రర్ కూడా వేయదు. ప్రతి ఫీల్డు మీదా సీరియలైజ్డ్‌నేమ్ రాయండి, ఆ మోడల్ క్లాసులకు కీప్ రూల్ కూడా పెట్టండి. మినిఫై (ఈ కుదింపు) ఆపేయడం సులువే గానీ యాప్ సైజు పెరుగుతుంది. ప్రతి విడుదలకూ మ్యాపింగ్ ఫైలు (కుదించిన పేర్లకు అసలు పేర్లు ఉండేది) దాచుకోండి, అది లేకుండా క్రాష్ రిపోర్టు చదవడం ఎవరి తరమూ కాదు.

బటన్ సంగతి టార్గెట్ 35 వల్ల. ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో అప్పుడు తెర అంచు నుంచి అంచు దాకా గీస్తారు. వ్యూకంపాట్‌లోని ఆన్‌అప్లైవిండోఇన్‌సెట్స్ లిజనర్ పెట్టి, సిస్టమ్ బార్ల ఎత్తును పేరెంట్ లేఅవుట్‌కి ప్యాడింగ్‌గా ఇవ్వండి. థీమ్‌లో ఆపే మార్గం ఒకటుంది, అది టార్గెట్ 36లో పనిచేయదు కాబట్టి ఇప్పుడే సరిచేసుకోవడం మేలు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకు టార్గెట్ 35 తప్పనిసరి అయింది, వెనక్కి దించుకునే దారి లేదు.

ప్లే ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది పరీక్షకులతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ నడిపాకే అందరికీ విడుదల. ఆ 12 మందినీ ముందే చూసిపెట్టుకోండి.

ప్రశ్న: నాన్నగారి పాత నోకియా కీప్యాడ్ ఫోన్‌లో ఒక జార్ యాప్‌లో చిట్టా లెక్కలున్నాయి. ఆ జార్‌ను ఆండ్రాయిడ్‌లో వేయవచ్చా? ఆ లెక్కలు బయటికి వస్తాయా? – సత్తెనపల్లి

జవాబు: నేరుగా ఎక్కదు. అది జావా ఎంఈ (చిన్న ఫోన్లకోసం చేసిన జావా) కాలపు మిడ్‌లెట్, అంటే ఆ ఫోన్ల యాప్. దాని తెర అంతా మైక్రోఎడిషన్ ఎల్‌సీడీయూఐ ప్యాకేజీ మీద ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఆ ప్యాకేజీయే లేదు. ఎమ్యులేటర్ యాప్‌లో వేస్తే తెరుచుకోవచ్చు గానీ లెక్కలు దానితో రావు, ఎందుకంటే అవి జార్‌లో కాకుండా ఫోన్‌లోని రికార్డ్‌స్టోర్‌లో ఉన్నాయి. ఒక మిడ్‌లెట్ సూట్ రాసిన రికార్డ్‌స్టోర్‌ను, రాసినవాళ్లు పంచుకోనిస్తే తప్ప, వేరే సూట్ తెరవలేదు. కాబట్టి కొత్త యాప్ ఎక్కించి చదవాలన్న ఆలోచన పనిచేయదు.

సోర్సు మీ దగ్గరుంటే దారి ఉంది. అదే మిడ్‌లెట్‌లో ‘ఎగుమతి’ అని ఒక కమాండ్ చేర్చండి. ఫోన్‌లో జేఎస్‌ఆర్ 75 (ఫైళ్లు వాడనిచ్చే ఏర్పాటు) ఉంటే ఫైల్‌కనెక్షన్‌తో మెమరీ కార్డు మీదికి ఒక్కో రికార్డునూ ఒక లైనుగా టెక్స్ట్ ఫైలులో రాయించవచ్చు. జాడ్ ఫైలులో (జార్ వివరాలు ఉండేది) సూట్ పేరు, వెండర్ పేరు ఒక్క అక్షరం మారకుండా ఉంచి వెర్షన్ అంకె మాత్రం పెంచి, పాతదాన్ని తీసేయకుండా దాని మీదే అప్‌డేట్‌గా ఎక్కించండి. డేటా ఉంచాలా అని ఫోన్ అడిగితే అవుననండి. తీసేసి మళ్లీ వేస్తే రికార్డ్‌స్టోర్ కూడా చెరిగిపోతుంది. జార్ ఒక్కటే ఉండి సోర్సు లేకపోతే, ఆ చిన్న తెర చూస్తూ కాగితం మీద దించుకోవడమే క్షేమం. అదీ బ్యాటరీ ఉబ్బి ఫోన్ మొరాయించక ముందే.